ఓరిన్ బండి ఎందుకు దిగాడు

వెల్డా క్రాండల్‌కి కోపం రావడం చూసినవాళ్ళు మా లోయలో కొద్దిమందే. వచ్చిన కోపం పోవడం చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. బూజు పట్టిన గడ్డి అంటగట్టాడని ఒకసారి దాణా కొట్టు ఆసామీ మీద మండిపడింది. ఆ రోజు నుంచి దాణా కోసం కొండ దాటి పక్క ఊరికి వెళ్ళేది. ఆ ముసలాయన పోయినప్పుడు గిన్నె నిండా బంగాళాదుంపల వంటకం పట్టుకుని చావుకు వెళ్ళింది, వాళ్ళావిడను కావిలించుకుని ఏడ్చింది, మర్నాడు దాణాకి మళ్ళీ కొండ దాటే వెళ్ళింది. ఇంకా ఎందుకమ్మా అని ఎవరో అడిగితే, "చచ్చింది మనిషి కదా, గడ్డి అప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది" అంది.

ఒరెగాన్ తూర్పు కొసన ఆల్కలై లోయలో క్రాండల్ వాళ్ళదే చివరి ఇల్లు. ఆ వెనకాల కొండలన్నీ ప్రభుత్వానివి. వెల్డాకి పదిహేనేళ్ళప్పుడు తల్లి పోయింది. తమ్ముడు ఓరిన్‌కి అప్పుడు నాలుగేళ్ళు. తండ్రి పొద్దస్తమానం గుర్రం మీదే గడిపే మనిషి గనక, పిల్లవాడికి తిండి పెట్టడం, బడికి పంపడం, అల్లరి చేస్తే నాలుగు తగిలించడం అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగాయి. పెళ్ళి చేసుకోలేదా అంటే చేసుకుంది, ఒక చలికాలం. మంచు కరగగానే అతను వెళ్ళిపోయాడు. తనకూ తమ్ముడికీ మధ్య మూడో మనిషి ఇమడడని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

ఓరిన్ కొండంత మనిషి, మనసు వెన్న. గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. లోయలో ఎవరింట్లో దూడలకు సొంతదారు గుర్తుగా వాతలు వేస్తున్నా అందరికంటే ముందు వచ్చేవాడు, అందరూ వెళ్ళాక మంట ఆర్పి వెళ్ళేవాడు. ఎవరేం చెప్పినా నమ్మేవాడు. నలభై దాటినా అక్క కనబడితే సిగరెట్టు వెనక్కి దాచేవాడు.

వానలు సరిగ్గా పడని ఏడాది, భూముల శాఖ కొండల మీద మేసే ఆవుల్లో మూడో వంతు తగ్గించమంది. ప్రభుత్వాన్ని తిట్టడం మాకు పొద్దున్నే కాఫీ తాగడం లాంటిది. తిట్టి, టోపీ పెట్టుకుని, వెళ్ళి సంతకం పెట్టి వస్తాం. వెల్డా కూడా ఆఫీసులో బల్ల మీద ఠపామని కొట్టి, నోటికొచ్చినంతా అని, ఆ తర్వాతే సంతకం పెట్టింది. అక్కడితో అయిపోయేది. ట్రెంట్ మాబ్రీ రాకపోతే.

మాబ్రీది అరిజోనా. మాట తేనె, మీసం నూనె. తుపాకులు భుజాన వేసుకున్న మనుషుల్ని పికప్ బండ్లలో ఎక్కించుకొచ్చి, చలికాలం గనక తాళం వేసి ఉన్న భూముల శాఖ కొండ స్టేషన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఈ నేల వాడుకునేవాడిదే, ఆఫీసుది కాదన్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు కొండలన్నీ మాకు పంచేస్తానన్నాడు. మాలో చాలామంది విని, తలూపి, ఇళ్ళకు పోయాం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాం. ఓరిన్ మాత్రం వాళ్ళ గుర్రాలకు నాడాలు కొట్టడానికని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. తగ్గించిన ఆవులు అక్కకు తిరిగొస్తాయని ఎవడో అతనికి చెప్పాడు.

వారం చూసి వెల్డా వెళ్ళింది. స్టేషన్ ముందర గడ్డం వాడొకడు తుపాకీ అడ్డం పెట్టి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"ఆ షెడ్డు మీద రేకులు కొట్టింది మా నాన్న. నువ్వెవడివి?" అంది. వాడు తప్పుకున్నాడు.

ఓరిన్ పొయ్యి దగ్గర కూర్చుని బీన్సు తింటున్నాడు. నడుముకు పిస్తోలు ఉంది. అది వింతేం కాదు, పాముల కోసం అందరం పెట్టుకుంటాం.

"పద ఇంటికి" అంది వెల్డా.

"మాట ఇచ్చానక్కా. అందరూ వెళ్ళేదాకా ఉంటానన్నాను."

"ఎవడికిరా మాట? టోపీ మీద సొంత పేరు కుట్టించుకున్నవాడికా?"

"మంచోడేనక్కా. నీ ఆవుల గురించి కూడా అడిగాడు."

"నా ఆవుల సంగతి నేను చూసుకుంటాను. వస్తే ఇప్పుడు రా. లేదంటే మళ్ళీ నా గడప తొక్కకు."

ఓరిన్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె లేచి వచ్చేసింది. దారంతా అతన్ని తిట్టింది, ఇంటికొచ్చి అతని పక్క దులిపి దుప్పట్లు ఉతికింది.

ప్రభుత్వం తొందరపడలేదు. దానికి జీతాలున్నాయి గానీ ఈనే ఆవులు లేవు. ఊళ్ళో ఉన్న ఒక్క లాడ్జీ నిండా నల్లబట్టల కేంద్ర పోలీసులు దిగారు. బడి మూసేశారు. నంబరు పలకలు లేని బండ్లు తిరిగాయి, పైన హెలికాప్టర్ తిరిగింది. స్టేషన్‌కు వెళ్ళే దారి మాత్రం మూయలేదు. బయటికి వచ్చేవాడు రావాలని వాళ్ళ ఎత్తు. అలా నెల గడిచింది.

ఒక మధ్యాహ్నం మాబ్రీ, ఓరిన్ ఒకే బండిలో బయటికి వచ్చారు. మాబ్రీ నడుపుతున్నాడు. స్టేషన్ దారి పెద్ద రోడ్డులో కలిసేచోట పశువులు దాటకుండా ఒక తీగ గేటు ఉంది. గేటు అవతల నల్లబట్టల వాళ్ళు బండ్లు అడ్డం పెట్టి నిలబడ్డారు. మాబ్రీ బండి ఆగింది. ఓరిన్ దిగాడు. కాల్చారు.

మా వైపు ఒక ఆచారం ఉంది. ఆచారం అని కూడా అనం, ఊపిరి పీల్చడాన్ని ఎవరు ఆచారం అంటారు? బండి గేటు దగ్గర ఆగితే, నడిపేవాడి పక్కన కూర్చున్నవాడు దిగి గేటు తీస్తాడు. ఐదేళ్ళ పిల్లవాడైనా, రాష్ట్ర గవర్నరైనా అంతే. ఎదురుగా ఎవరున్నారని చూడం, ఎవరూ చెప్పనక్కర్లేదు, కాళ్ళు వాటంతట అవే దిగుతాయి. తీగ గేటు చలిలో చెయ్యి కోస్తుంది గనక, దిగుతూనే నడుముకు దోపుకున్న తోలు చేతి తొడుగుల మీదికి చెయ్యి పోతుంది. ఎక్కడి నుంచో జీతానికొచ్చిన నల్లబట్టల వాళ్ళకు అది తెలీదు. మనిషి దిగాడు, చెయ్యి నడుం మీదికి పోయింది, నడుముకు పిస్తోలుంది. వాళ్ళకు అంతే తెలుసు.

శవాన్ని అప్పగించినప్పుడు కుడి చేతికి తొడుగు ఉంది. ఎడమ చేతికి లేదు. వెల్డా ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. విచారణ చేసిన అధికారికి చూపించి, "యుద్ధానికి పోయేవాడు తొడుగు తొడుక్కుంటాడా నాయనా?" అంది. ఆయన తలూపి రాసుకున్నాడు. కాల్చడం సబబేనని తేలింది. కాల్చిన వాళ్ళ పేర్లు ఆమెకు చెప్పలేదు. పేరూ మొహం లేనివాడి మీద పగ పట్టడం గాలిని కొట్టడమే. ఆమె అది వదల్లేదు, కానీ పేరూ మొహం ఉన్నవాడు ఒకడున్నాడు.

ఆ ఒక్కడు, మాబ్రీ, స్టేషన్ పట్టుకున్న కేసులో కోర్టులో నిలబడి, ఓరిన్ సింహంలా వాళ్ళ మీదికి దూకాడని చెప్పాడు. పక్క జిల్లాలో సభకు వెళ్తుంటే మాటువేసి కొట్టారన్నాడు. పట్నం జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. అప్పటికే ఓరిన్ బొమ్మ బనీన్ల మీదికి, టోపీల మీదికి ఎక్కింది. అమరవీరుడు ఓరిన్ క్రాండల్. బతికుండగా ఈగను కూడా టోపీతో తోలేవాడే గానీ కొట్టేవాడు కాదు.

"ఎవరూ ఆపమనక ముందే మాబ్రీ ఇంజను ఆపేశాడు, వెల్డా" అని చెప్పాడు ఆ రోజు వెనక వరసలో నిలబడిన షెరీఫ్ డెప్యూటీ ఒకడు, పెట్రోలు బంకు దగ్గర, నేల చూపులు చూస్తూ. "రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా కోసమే వచ్చినట్టు. నేనన్నానని అనకు."

వెల్డా అనలేదు. ఆ మాటను మింగి కడుపులో పెట్టుకుంది. ఓరిన్ ఎందుకు దిగాడో ఆమెకు తెలుసు. అది మాబ్రీ నోటి నుంచి, పదిమంది వినేట్టు రావాలి. ఇక ఆమె బతికేది దానికోసమే అయింది. లోయలో అందరికీ ఆ సంగతి తెలుసు.

దేవుడు కొన్నిసార్లు అడక్కుండానే ఇస్తాడు. మూడో వసంతానికి మాబ్రీ మా లోయకే కాపురానికి వచ్చాడు. అతని మాటలు విని మురిసిపోయే డబ్బున్న పెద్దమనిషి ఒకాయన, అమ్మకానికున్న కెటెరింగ్ వాళ్ళ పాత పొలం కొని, ఆవుల్ని కూడా కొని, ఏలుకోమని ఇచ్చాడు. ఓరిన్ బొమ్మ కుట్టిన టోపీ పెట్టుకుని మాబ్రీ వెల్డా గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, వచ్చే శనివారం మా దూడలకు వాతలు. మీరు రావాలి. ఓరిన్ పేరు మీదే చేస్తున్నాను. ఊరూరి నుంచి మనవాళ్ళు వస్తున్నారు."

వెల్డా ఆ టోపీ వైపు చూసింది. "వస్తాను" అంది. తలుపు వేసుకుంది.

వాతల రోజంటే మాకు కూలి పని కాదు. నీ దూడలకు నేనొస్తాను, నా దూడలకు నువ్వొస్తావు. తాడు వేసి దూడను వెనక కాళ్ళు పట్టి లాగేవాళ్ళు, నేల మీద పట్టుకునేవాళ్ళు, కాల్చిన ఇనుము పెట్టేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, అందరూ ఇరుగుపొరుగే. పిలిచాక రాననడం ఉండదు. వాత లేని దూడను కొండ మీదికి తోలడమూ ఉండదు. అందరి మందలూ కలిసి మేసేచోట వాత లేని దూడ ఎవరిదని చెప్పగలం?

వెల్డా ఇల్లిల్లూ తిరిగింది. ఆమె అడిగిన మాట విని పొరుగు పొలం ఫెర్మిన్ ఇతురి, గొర్రెల కాపరుల వంశం, తల గోక్కున్నాడు.

"వాతలకు రానన్న మనిషి మన లోయలో పుట్టలేదే, వెల్డా."

"రావద్దని ఎవరన్నారు? అందరూ రండి. గుర్రాలకు జీన్లు కట్టుకుని, తాళ్ళు పట్టుకుని రండి. నేను గుర్రం దిగితే మీరూ దిగండి. నేను దిగకపోతే దిగకండి. అంతే."

ఫెర్మిన్ గుర్రాలకు ఒకప్పుడు నాడాలు కొట్టింది ఓరినే. "మా ఆవిడ వాళ్ళకు రొట్టెలు చెయ్యనంటుంది మరి" అన్నాడు. అది ఒప్పుకోవడమే.

శనివారం పొద్దున కెటెరింగ్ దొడ్డి తిరనాళ్ళలా ఉంది. అరిజోనా నుంచి, ఐడహో నుంచి వచ్చిన మనుషులు తుపాకులు వేసుకుని, ఫోన్లు పైకెత్తి తిరుగుతున్నారు. తల్లుల్ని విడదీసి దూడల్ని దొడ్లో పెట్టారు. కంచెకు అటు తల్లులు, ఇటు పిల్లలు, గోల చెవులు పగిలేట్టుంది. మంట మీద ఇనుములు ఎర్రబడ్డాయి. మేము వచ్చాం. లోయ మొత్తం వచ్చాం. గుర్రాలు కంచె వెంట వరసగా నిలబెట్టి, వాటి మీదే కూర్చున్నాం.

"దిగండి దిగండి" అన్నాడు మాబ్రీ, చేతులు రుద్దుకుంటూ. "కాఫీ వేడిగా ఉంది."

ఎవరూ కదల్లేదు.

"ఫెర్మిన్, మొదటి తాడు నీదే." మొదటి తాడు పెద్ద మర్యాద.

"వెల్డా దిగితే దిగుతాను" అన్నాడు ఫెర్మిన్.

మాబ్రీ నవ్వుతూ ఆమె గుర్రం దగ్గరికి వచ్చాడు. "ఏం కావాలమ్మా?"

"ఓరిన్ బండి ఎందుకు దిగాడో చెప్పు. అందరూ వినేట్టు."

అతని మొహం వెలిగింది. ఇది తనకు వచ్చిన పాటే అనుకున్నాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, ఫోన్ల వైపు తిరిగి, సింహం దగ్గర మొదలుపెట్టాడు.

"అది టోపీ మీద కుట్టించుకో" అంది వెల్డా మధ్యలో. "నాకు జరిగింది కావాలి."

"జరిగింది అదేనమ్మా."

"సరే అయితే. నీ దూడలు, నీ మనుషులు. కానివ్వు."

కానివ్వడం మొదలుపెట్టారు. గడ్డం వాడొకడు తుపాకీ కంచెకు ఆనించి దూడ మెడ కావిలించుకున్నాడు. అది వాణ్ణి పేడలో ఈ చివర నుంచి ఆ చివరికి ఈడ్చుకుపోయింది. ఇంకొకడికి కడుపులో తన్ను తగిలింది. మాబ్రీ తనే గుర్రం ఎక్కి తాడు విసిరాడు. తాడు దూడను తప్ప అన్నిటినీ పట్టుకుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని నాకు నవ్వొచ్చింది, కానీ మా వరసలో ఎవరూ నవ్వలేదు. ఇనుములు చల్లారాయి, మళ్ళీ కాల్చారు, మళ్ళీ చల్లారాయి. ఎండ ఎక్కింది. తల్లులు కంచె మీద పడుతున్నాయి. ఆ మంద ఇంటి దగ్గరి పచ్చిక ఎప్పుడో నాకేసింది, కొండ ఎక్కకపోతే వాటికి గతి లేదు.

మాబ్రీ చెమటలు కక్కుతూ మళ్ళీ వచ్చాడు. "ఇది ధర్మం కాదమ్మా. వాత లేకుండా ఎలా తోలను? నా దూడలు ఎవరి పాలవుతాయి?"

"నువ్వేగా చెప్పావు, వాడుకునేవాడిదే నేల అని. దూడలూ అంతే మరి. పట్టుకున్నవాడివే అవి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "లేకపోతే ఆఫీసుకు ఫోన్ చెయ్యి. వాతలు చూసే ఇన్‌స్పెక్టరును పంపుతారు, షెరీఫును పంపుతారు. నీకు ఫోన్ చెయ్యడం అలవాటేగా."

ఆ మాటకు మాబ్రీ మొహంలో రక్తం లేదు. డెప్యూటీ చెప్పిందానికి ఆమె తన లెక్క కలిపి, చీకట్లో వేసిన రాయి అది. సరిగ్గా తగిలింది. అతను ఇంకా దగ్గరికి జరిగి, గుర్రం మెడ పక్కన తల పెట్టి గొణిగాడు.

"వినపడలేదు" అంది వెల్డా. "వాళ్ళకు చెప్పు. ఫోన్లవాళ్ళకు."

దూడలు అరుస్తూనే ఉన్నాయి. చివరికి నేల చూస్తూ చెప్పాడు.

"నేను ముందే వాళ్ళతో మాట్లాడుకున్నాను. గేటు దగ్గర లొంగిపోతానని. నాకు పిల్లలున్నారు."

ఫోన్లు పట్టుకున్న చేతులు ఒక్కటొక్కటే కిందికి దిగాయి. పేడ పులుముకున్న గడ్డం వాడు, "మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టా?" అన్నాడు. మాబ్రీ వాడి వైపు తిరగలేదు.

"ఓరిన్‌కి చెప్పావా?" అంది వెల్డా.

"లేదు. గేటు దగ్గర ఎవరు వాళ్ళు అని అడిగాడు. రోడ్డు పనివాళ్ళు అన్నాను. తొడుగు తీసుకుని దిగాడు. గేటు తియ్యడానికి."

ఆమె మూడేళ్ళు కాచుకున్న మాట అది. తుపాకులవాళ్ళు బండ్ల వైపు నడవడం మొదలుపెట్టారు. ఒకడు తన టోపీ తీసి మాబ్రీ కాళ్ళ దగ్గర పడేసి పోయాడు. మాబ్రీ పని అయిపోయింది, ఆ సాయంత్రానికి ఆ డబ్బున్న పెద్దమనిషి కూడా ఫోన్లో ఇది చూస్తాడు. వెల్డా తృప్తిగా చూసింది. నేనైతే అంతకంటే తృప్తిగా చూశాను, అబద్ధం ఎందుకు. కానీ ఆమెకు ఇంకొక్కటి మిగిలింది, దాంతో వాణ్ణి పూర్తిగా పాతెయ్యాలనుకుంది.

"నువ్వు లొంగిపోవడానికి పోతూ, ఓరిన్‌ని ఎందుకు ఎక్కించుకున్నావు? నీకు బదులు ముందు దిగడానికా?"

"కాదమ్మా." మాబ్రీ మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. దాచడానికి ఇంకేం లేని మనిషి. "నేనొక్కణ్ణే బయటికి పోతే మావాళ్ళు అనుమానిస్తారని సాకు కోసం చూస్తున్నాను. ఆ పొద్దున అతనే వచ్చి అడిగాడు. నన్ను ఇంటి దగ్గర దించుతావా, మా అక్క దగ్గరికి పోతాను అని."

కంచె వెంట ఉన్న మేమందరం విన్నాం. వెల్డా గుర్రం ఒక అడుగు పక్కకు వేసింది. ఆమె కళ్ళెం లాగలేదు.

నిజం చెబితే పని చేస్తామన్నదే బేరం, మాట అంటే మాట గనక వెల్డా దిగకపోయినా ఫెర్మిన్ దిగాడు. అతని వెనక మేమూ దిగాం. తాళ్ళు విప్పాం, ఇనుములు మంటలోకి తోశాం, మొదటి దూడ నేల మీద పడింది. మాబ్రీ కూడా అటు కదలబోయాడు.

"ఆగు" అంది వెల్డా. "మళ్ళీ చెప్పు."

"నేను ముందే వాళ్ళతో ఫోన్లో..."

"అది కాదు. తర్వాతది."

అతను చెప్పాడు. మా అక్క దగ్గరికి పోతాను అన్నాడమ్మా అని.

వెల్డా జీను మీద అలాగే కూర్చుని ఉంది. చుట్టూ పొగ, కాలిన బొచ్చు వాసన. అతను ఒక కాలు అటు వేసి, ఆమె వైపు చూసి, నిలబడిపోయాడు.

"ఇంకోసారి" అంది.